కేరమ్ బల్లపై జీలం యుద్ధము

చదరంగమనే మాట చతురంగము నుండి పుట్టినదని మన విద్యార్థులకు తెలిసినదే. ఏనుగులు, గుఱ్ఱములు, రథములు, కాల్బలము అను నాలుగంగముల సేన బల్లమీదికి దిగి ఆట అయినది. అది పారశీక దేశము చేరి చత్రంగ్ అయినది. అరబ్బుల నోట షత్రంజ్ అయినది. ఆ పేరే నేటికీ ఉర్దూలో నిలిచియున్నది. అయితే పేరు మారినట్లే ఆట నియమములు కూడ మారినవన్న సంగతిని మనలో చాలమంది గమనింపరు. పాత షత్రంజ్‌లో రాజు పక్కన నిలుచు ఫర్జీన్, అనగా మంత్రి, ఒక్క గడి మాత్రమే, అదియు మూలగా, కదలగలిగేవాడు. 15వ శతాబ్దము చివర ఐరోపాలో అదే పావు బల్ల ఈ కొస నుండి ఆ కొసకు ఒక్క ఎత్తులో పోగల శక్తిని సంపాదించుకొన్నది. పావులు అవే, గడులు అవే. అయినను అంతవరకు క్షేమమనుకొన్న ఎత్తులు ఒక్కసారిగా ప్రమాదకరములైనవి. ఒక్క పావు నడక మారినందున తక్కిన పావులన్నిటి విలువ మారిపోయినది.

ఈ సంగతితో ఎందుకు మొదలుపెట్టినామనగా, మా చరిత్ర సంఘము ఈ సంవత్సరము చేసిన చిన్న ప్రయత్నము కూడ ఇట్టిదే. గతించిన యుద్ధములను చిన్న బొమ్మలతో బల్లపై ఆడుకొను ఒక ఆట కలదు. దాని నియమములు సవరింపబడినవి. ఆ సవరణవలన ఏమి మారినదో మేము ఆడి చూచినాము. "ఇది పిల్లల ఆట గదా, చరిత్ర సంఘమునకు దీనితో పనియేమి?" అని కమిటీ పెద్దలొకరు చిరునవ్వుతో అడిగినారు. ప్రశ్న న్యాయమైనదే. సమాధానము చెప్పుటకు కొంచెము దూరము నుండి రావలెను.

ఈ క్రీడను మొదట గంభీరముగా తీసికొన్నవారు ప్రష్యా దేశపు సైనికులు. రైస్విట్జ్ అను వంశమునకు చెందిన తండ్రి 1812లో తన యుద్ధక్రీడను ప్రష్యా రాజు మూడవ ఫ్రెడరిక్ విలియమ్ ఎదుట ప్రదర్శించినాడు. సైన్యములో ఫిరంగిదళ అధికారియైన కుమారుడు దానిని సంస్కరించి 1824లో నియమావళిగా ప్రకటించినాడు. భూమిపై 8,000 అడుగులు పటముపై ఒక అడుగు. ఒక్కొక్క ఎత్తు రెండు నిమిషముల కాలము. తుపాకుల నష్టమును పాచికలు వేసి పట్టికలలో చూచి తేల్చవలెను. ఇరుపక్షముల నడుమ ఒక మధ్యస్థుడుండి, ఎవరికి ఏమి కనబడునో అంతవరకే వారికి చెప్పును. సైన్యాధికారులు దీనిని శిక్షణగా స్వీకరించినారు. కాని కాలము గడచిన కొలది పట్టికలు పెరిగినవి. పట్టికలు వెదకుటలోనే పొద్దు గూకుచున్నదని అధికారులు విసిగిరి. 1876లో వెర్డీ దు వెర్నువా అను జర్మను సేనాని పట్టికలను పాచికలను పక్కనబెట్టి, అనుభవము గల మధ్యస్థుని మాటయే తీర్పుగా ఉండవలెనన్నాడు. నియమము ఎక్కువైన ఆట కదలదు. నియమము లేని ఆట మధ్యస్థుని మనసుపై నడచును. ఈ రెంటి నడుమ తగవు నేటికీ తీరలేదు.

సైనికుల చేతి నుండి దీనిని ఇంటి గదిలోనికి తెచ్చినవారిలో ప్రసిద్ధుడు, కాలయంత్రపు కథ వ్రాసిన ఎచ్. జి. వెల్స్. 1913లో వెలువడిన ‘లిటిల్ వార్స్’ అను చిన్న పుస్తకములో ఆయన తన నియమములను చెప్పినాడు. పదాతి ఒక ఎత్తుకు ఒక అడుగు నడచును, గుఱ్ఱము రెండడుగులు. ఫిరంగి నిజముగానే పేలును, అనగా స్ప్రింగు బలముతో కొయ్యముక్కను విసరి సీసపు సిపాయిలను పడగొట్టును. మాకు ఆ పుస్తకములో నచ్చినది ఫిరంగి కాదు. తాము మొదట ఎట్లు ఆడినారో, ఎక్కడ ఆట చెడినదో, అప్పుడు ఏ నియమము చేర్చినారో ఆయన దాపరికము లేక చెప్పిన తీరు మాకు నచ్చినది. నియమావళి అనునది ఒకేసారి తలలో పుట్టునది కాదు. ఆడగా ఆడగా అరిగి నునుపెక్కునది.

ఇక మేము ఆడిన ఆట. ఇంగ్లండులో ఫిల్ బార్కర్ మొదలగువారు 1969 నుండి ప్రాచీన యుద్ధములకు నియమములు కూర్చుచు వచ్చినారు. అవి కూర్పు వెంట కూర్పుగా పెరిగి పెరిగి చివరకు వకీళ్ల గ్రంథములవలె తయారైనవి. అప్పుడు 1990లో వారే ఎదురు దారి పట్టి, ‘డి బెల్లిస్ ఆంటిక్విటాటిస్’ అను లాటిను పేరుతో కొద్ది పుటల నియమావళిని వెలువరించినారు. క్రీస్తుపూర్వము 3000 నుండి క్రీస్తుశకము 1500 వరకు జరిగిన యుద్ధములన్నిటికి ఒకే నియమావళి. పక్షమునకు పన్నెండే దళములు. ఒక్కొక్క దళము ఒక చిన్న అట్టపీఠము. ఎత్తు మొదట పాచిక వేయవలెను. ఎన్ని చుక్కలు పడిన అన్ని ఆజ్ఞలు. వరుస చెదరక కలిసి నడచు దళములకు ఒక్క ఆజ్ఞ చాలును. చెదరిన దళములకు విడివిడిగా ఒక్కొక్కటి కావలెను. కనుక సేన చెల్లాచెదరైన కొలది సేనాపతి చేతులు కట్టువడును. పోరాటములో ప్రతి దళమునకు శత్రువు రకమునుబట్టి ఒక బలాంకమున్నది. ఇరువురు పాచిక వేసి బలాంకమునకు కలుపుదురు. తక్కువ వచ్చినవాడు సాధారణముగా వెనుకకు జరుగును. ఎదిరి మొత్తములో సగమో అంతకు తక్కువో వచ్చినచో నశించును. నాలుగు దళములు, అవియు ఎదిరికంటె ఎక్కువ, కోల్పోయినవాడు ఓడినట్లు. గంటలో ఆట ముగియును.

ఈ నియమావళి పలుమార్లు సవరింపబడి, 2014లో మూడవ కూర్పుగా వచ్చినది. కొన్ని బృందములు దానిని స్వీకరింపక పాతదానితోనే ఆడుచున్నవి. తగవు ఎక్కడ అని చూచినచో, పైకి అల్పముగా కనబడు కొలతల దగ్గర. పాత కూర్పులో దూరములను ‘అంగలు’గా లెక్కించెడివారు. చిన్న బొమ్మలకు నూరంగలు అనగా బల్లపై 25 మిల్లీమీటర్లు. కొత్త కూర్పులో స్కేలు అక్కరలేదు. దళపు పీఠము వెడల్పే కొలత. చిన్న బొమ్మలకు ఆ వెడల్పు 40 మిల్లీమీటర్లు. దీర్ఘశూలములు పట్టిన పదాతి పాత లెక్కలో రెండు నూర్ల అంగలు, అనగా 50 మి.మీ. నడచేది, కొత్త లెక్కలో రెండు వెడల్పులు, అనగా 80 మి.మీ. నడచును. విలుకాండ్ర బాణము పాత లెక్కలో 50 మి.మీ. పోయేది, కొత్త లెక్కలో మూడు వెడల్పులు, అనగా 120 మి.మీ. పోవును.

పాఠకులు ఈ నాలుగంకెలను ఒక్క క్షణము మనసులో ఉంచుకొనవలెను. కథయంతయు వీనిలోనే ఉన్నది. పూర్వము శూలధారుల నడక, విలుకాండ్ర బాణము సమానము. ఇప్పుడు బాణము నడకకు ఒకటిన్నర రెట్లు.

దీనిని పరీక్షించుటకు ఏ యుద్ధము తగినదని ఆలోచించి, క్రీస్తుపూర్వము 326లో జీలం నది ఒడ్డున అలెగ్జాండరు, మన పాఠ్యపుస్తకములు పురుషోత్తముడని వ్రాయు పోరస్ పోరిన యుద్ధమును ఎన్నుకొన్నాము. ఒక పక్షమున బారు శూలముల పదాతి, ఎదుటి పక్షమున వింటివారు, నడుమ ఏనుగులు. పైగా పోరస్ సేన అచ్చమైన చతురంగము. గ్రీకు చరిత్రకారుడు ఏరియన్ చెప్పిన ప్రకారము పోరస్ వద్ద 30,000 పదాతి, 4,000 గుఱ్ఱములు, 300 రథములు, 200 ఏనుగులు. నదిని దాటి వచ్చిన అలెగ్జాండరు వద్ద సుమారు 6,000 పదాతి, 5,000 గుఱ్ఱములు. యుద్ధము జరిగిన నాలుగు శతాబ్దముల పిమ్మట, గెలిచిన పక్షమువారి వ్రాతలను ఆధారము చేసికొని ఏరియన్ వ్రాసినాడన్నది మరువరాదు. అయినను మనకున్న వృత్తాంతములలో అది మేలైనది.

సామగ్రికి మేము పెద్దగా ఖర్చు పెట్టలేదు. శుభలేఖల అట్టలను 40 మి.మీ. వెడల్పున కత్తిరించి దళములు చేసినాము. ఏనుగుల అట్టపై ఒకరు తెలుగులో ‘ఏనుగు’ అని, ఇంకొకరు ఉర్దూలో ‘ఫీల్’ అని వ్రాసినారు; రెండును ఉంచినాము. నియమావళి కోరునది సుమారు 60 నుండి 80 సెంటీమీటర్ల చదరపు రంగము. విశ్రాంతి గదిలోని కేరమ్ బల్ల లోపలి కొలత 74 సెంటీమీటర్లు. దేవుడిచ్చిన రంగస్థలము! దానిపై పాత ఆకుపచ్చ కర్టెను గుడ్డ పరచినాము. కేరమ్ ఆటగాళ్లు మొగము మాడ్చుకొన్నారు. వారి సంగతి చివర వచ్చును. పోరస్‌కు మూడు ఏనుగుల దళములు, ఆరు విలుకాండ్ర దళములు, రెండు గుఱ్ఱపు దళములు, ఒక రథదళము ఇచ్చినాము. అలెగ్జాండరుకు నాలుగు శూలదళములు, రెండు డాళ్లవారి దళములు, మూడు కవచాశ్వదళములు, ఒక అశ్వధనుర్ధర దళము, రెండు ఈటెలు విసరు తేలిక దళములు.

మొదటి సాయంకాలమే తప్పు చేసినాము. కొత్త నియమముల సారాంశమును కాగితముపై ఎత్తి వ్రాసిన మాలో ఒకరు నడక దూరములను మాత్రము మార్చి, బాణపు దూరమును పాత పట్టికలోనిదే ఉంచినారు. అనగా నడక 80, బాణము 50. ఆ సంగతి తెలియక రెండు ఆటలు ఆడినాము. శూలధారులు బాణపు దెబ్బ అందని చోట నిలిచి, మరుసటి ఎత్తులో ఒక్క దూకున వచ్చి విలుకాండ్రపై పడినారు. విలుకాండ్రు వరుస విడిచి ముందుకు వచ్చిననే తప్ప ఒక్క బాణమైనను వేయు అవకాశము లేదు. పోరస్ పక్షము నడుపుచున్న బి.ఎ. విద్యార్థి, "మా చేత విల్లులెందుకు పట్టించినారు, చీపుళ్లు ఇచ్చినను సరిపోయేది" అని అలిగినాడు. కొత్త నియమములు చెడ్డవని ఆనాడు ఏకగ్రీవముగా తీర్మానించినాము! మరునాడు పట్టికలను పక్కపక్కన పెట్టి చూచుకొన్న తరువాత మా తప్పు బయటపడినది. సగము పాతది, సగము కొత్తది కలిపినచో వచ్చునది పాతదియు కాదు, కొత్తదియు కాదు. ఎవరును వ్రాయని మూడవ నియమావళి. బాణపు అంకె నడక అంకెతో కలిసియే బ్రతుకును. ఒకదానిని ఒంటరిగా కదిలింపరాదు.

తరువాత సక్రమముగా పాత కూర్పుతో నాలుగు ఆటలు, కొత్త కూర్పుతో నాలుగు ఆటలు ఆడినాము. ప్రతి ఆటకు పక్షములు మార్చుకొన్నాము. పాతదానిలో అలెగ్జాండరు మూడు, పోరస్ ఒకటి గెలిచినారు. కొత్తదానిలో చెరి రెండు. ఇది విని కొందరు, "కొత్త నియమము పోరస్‌కు అనుకూలము, కనుక చరిత్రకు విరుద్ధము" అన్నారు. ఇంకొక మిత్రుడు అంతటితో ఆగక, మన దేశపు రాజు ఓడుట తగదు గనుక ఏనుగుల బలాంకమును ఇంకొకటి పెంచవలెనన్నాడు. రెండు మాటలు నిలువవు. రెండవదానికి సమాధానము చెప్పనక్కరలేదు. ఆ మిత్రుడే తరువాత అలెగ్జాండరు పక్షము ఆడునపుడు ఆ ప్రతిపాదనను ఉపసంహరించుకొన్నాడు. మొదటిదానికి గణితశాస్త్ర విభాగపు మిత్రులు సమాధానము చెప్పినారు. ఏ పక్షపాతము లేని నాణెమును నాలుగుసార్లు ఎగురవేసినచో, ఒకవైపు మూడు, రెండవవైపు ఒకటిగా పడుట సగము పర్యాయములు జరుగును. నాలుగు ఆటల జయాపజయములనుబట్టి నియమము మంచిచెడ్డలు తేల్చుట నాణెమును సాక్షిగా పిలుచుట వంటిది.

మరి దేనినిబట్టి తేల్చవలెను? ఇక్కడ మాకు ఆట వ్రాతపుస్తకము ఉపయోగపడినది. ఎవరు గెలిచినారని మాత్రమే గాక, ప్రతి ఎత్తులో ఆటగాడు ఏమి చేసినాడో, ఏమి చేయుటకు జంకినాడో వ్రాసి ఉంచినాము. పాత కూర్పుతో ఆడిన నాలుగు ఆటలలోను అలెగ్జాండరు పక్షమువారు శూలధారుల వరుసను తిన్నగా ముందుకు నడిపించినారు. ఒక్క ఆజ్ఞతో నలుగురు కదలుదురు; బాణముల కింద గడపవలసినది కొద్దిసేపే; ఇక వేరే ఆలోచన యెందుకు? గుఱ్ఱపు దళములు చాలవరకు ప్రేక్షకులుగా నిలిచినవి. కొత్త కూర్పులో అట్లు కాలేదు. ఈ ఆటలో బాణములు ఇరువురి ఎత్తులలోను ఎగురును. 120 మి.మీ. మేర నుండి బాణములు పడుచుండగా, 80 మాత్రమే నడువగల వరుస చాల సార్లు ఆ వానలోనే ఒక ఎత్తు అధికముగా నిలువవలసి వచ్చినది. పైగా పక్క విలుకాండ్ర దళము కూడ అదే గురిపై బాణములు కలిపినచో గురియైన దళపు మొత్తములో ఒకటి తగ్గును. ఒకసారి దెబ్బతిన్న ఆటగాడు రెండవసారి శూలధారులను బాణపు దూరమునకు ఇవతలనే ఆపినాడు. ముందుగా గుఱ్ఱములను పక్కనుండి పంపి, పోరస్ వరుస చెదరిన పిమ్మట శూలధారులను కదిపినాడు. అతడు కామర్సు విద్యార్థి. ఏరియన్ పేరు అంతకు ముందు విన్నవాడు కాడు.

ఏరియన్ ఏమి చెప్పినాడో చూడుడు. అలెగ్జాండరు తన పదాతి నాయకులకు, గుఱ్ఱపుదళము శత్రువును కలవరపెట్టిన పిమ్మటనే తప్ప పోరాటమునకు దిగవద్దని ఆజ్ఞాపించినాడట. తాను పోరస్ ఎడమ పార్శ్వముపై గుఱ్ఱములతో పడినాడు. కోయినస్ అను సేనానిని చుట్టి వెనుకకు పంపినాడు. చరిత్ర తెలియని విద్యార్థి, కేవలము బల్లపై కష్టము చూచి, చరిత్రలో జరిగిన నిర్ణయమునే తీసికొన్నాడు. ఆ సాయంకాలము మేము పొందిన ఆనందము ఇంతయని చెప్పజాలము. కమిటీ పెద్దల ప్రశ్నకు సమాధానము దొరికినదనుకొన్నాము. గెలుపు ఎవరిదన్నది కాదు, సేనాపతికి కలిగిన సంకటమే ఆటగాడికి కలిగినదా అన్నది నియమమునకు గీటురాయి.

కాని మా ఆనందము వారము రోజులకు మించి నిలువలేదు. గ్రంథాలయములో కూర్చున్న ఒక విద్యార్థిని మాకు ఇంకొక సంగతి చూపినది. భారతీయుని విల్లు మనిషి ఎత్తు ఉండేదని, దాని ఒక కొసను నేలకు ఆనించి ఎడమ పాదముతో అదిమి బాణము వేసేవారని ఏరియనే తన ‘ఇండికా’లో చెప్పినాడు. యుద్ధపు ముందు రాత్రి గాలివాన. నేల జారుడై విల్లును ఆనించుట కష్టమైనదని రోమను రచయిత కర్టియస్ వ్రాసినాడు. పోరస్ కుమారుని వెంట వచ్చిన రథములు సైతము బురదలో నిలిచిపోయినవి. అనగా ఆనాడు బాణముల వాన అంతగా కురిసియుండదు. అలెగ్జాండరు పదాతిని ఆపినది బాణములకు భయపడి కాక, ఏనుగులను చూచి కావచ్చును గదా? అట్లయినచో మా కామర్సు మిత్రుడు సరియైన పనిని వేరొక కారణముచేత చేసినట్లు!

దీనిపై రెండు సాయంకాలములు వాదించుకొన్నాము. బాణపు దూరమును తగ్గించి వ్రాయవలెనని కొందరు. అట్లు వ్రాసినచో ఎండ కాచిన రోజున జరిగిన యుద్ధములన్నియు చెడునని మరికొందరు. చివరకు కుదిరిన ఒప్పందము ఇది: నియమావళిని ముట్టుకొనరాదు, ఆ రోజు వానను ‘ఆ రోజు కాగితము’పై వ్రాయవలెను. జీలం యుద్ధమునకు మాత్రము విలుకాండ్ర దూరము రెండు వెడల్పులు, రథములకు నడక సగము. వెర్డీ దు వెర్నువా కోరిన మధ్యస్థుడు ఇట్టి చోట్లనే అవసరమగునని మాకు అప్పుడు తెలిసివచ్చినది. ఏ పట్టికలోను వాన ఉండదు. ఎవరైనను కిటికీలో నుండి చూచి చెప్పవలెను.

బురద కాగితముతో రెండు ఆటలు ఆడినాము. శూలధారులు మరల తిన్నగా నడచినారు. ఒక ఆటలో ఏనుగులు వారిని వెనుకకు నెట్టి వరుసను రెండుగా చీల్చినవి. రెండవ ఆటలో ఈటెలు విసరు తేలిక దళము ఏనుగులపై పడినది. అట్టివారి చేతిలో ఓడిన ఏనుగులు వెనుకకు జరుగుటతో సరిపోదు, నశించునని నియమము. ఏనుగులను చుట్టుముట్టి ఈటెలతో నొప్పించినారని ఏరియన్ వర్ణించిన ఘట్టము మా కర్టెను గుడ్డపై ఉన్నదున్నట్లు జరిగినది. అయినను రెండు ఆటలు దేనికి సాక్ష్యము? ఏనుగు ఎదుట శూలధారి ఎంత నిలువగలడన్నది వేరుగా పరీక్షింపవలసియున్నది. విలుకాండ్రను పూర్తిగా తొలగించి, ఆ చోట డాళ్లవారిని నిలిపి ఆడినచో, పదాతిని ఆపినది బాణమా ఏనుగా అన్నది కొంత తేలునని మా ఆలోచన. వ్రాతపుస్తకములో ఆ పుట పైన ప్రశ్న వ్రాసి, కింద పన్నెండు ఆటలకు గడులు గీచి ఖాళీగా ఉంచినాము.

ఇంతలో కళాశాలల నడుమ కేరమ్ పోటీలు దగ్గరపడినవి. ఆటగాళ్లు వచ్చి బల్ల అడిగినారు, ఇచ్చినాము. సేనలు రెండును ప్రస్తుతము చరిత్ర విభాగపు బీరువాలో, మిఠాయి పెట్టెలో ఉన్నవి. చూడగోరు విద్యార్థులు మధ్యాహ్న విరామములో రావచ్చును. పోటీలు ముగిసిన మొదటి శనివారమున మరల మొదలుపెట్టుదుము. పోరస్ పక్షమున ఆడుటకు ఇద్దరు కావలెను.